గోలీ తిరిగొచ్చింది, పేట సోడా ఫ్యాక్టరీ రాలేదు

సంక్షిప్తంగా: గోలీ సోడాకు మళ్ళీ గిరాకీ పుట్టింది, విదేశాలకూ వెళ్తోంది. ఒకప్పుడు పేటకొకటి చొప్పున నడిచిన సోడా ఫ్యాక్టరీలు మాత్రం తెరుచుకోవడం లేదు. జనం రుచి మారడమో, కోకకోలా తిరిగి రావడమో దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. ఆ రెండింటికన్నా బలమైన కారణం సీసాలోనే ఉంది. ఖాళీ సీసా ఫ్యాక్టరీకి తిరిగి రావలసినంత కాలం పేటకు ఒక ఫ్యాక్టరీ అవసరమైంది. ఆ తిరుగు ప్రయాణం ఆగిపోగానే అవసరమూ తీరిపోయింది.

2025 మార్చిలో కేంద్ర వాణిజ్య శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. ఆహారోత్పత్తుల ఎగుమతులు చూసే అపెడా తోడ్పాటుతో మన గోలీ సోడా ‘గోలీ పాప్ సోడా’ అన్న పేరుతో అమెరికా, బ్రిటన్, ఐరోపా, గల్ఫ్ దేశాలకు వెళ్తోందని, గల్ఫ్‌లో లులూ దుకాణాల అరల్లోకి చేరిందని అందులో ఉంది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా తెలుగువాళ్ళ మధ్య రెండు మాటలు వినబడతాయి. ‘మా ఊరి సోడా రుచే వేరు’ అన్నది ఒకటి. ‘కోక్ వచ్చి దాన్ని చంపేసింది’ అన్నది రెండోది. రెండూ ఎంతవరకు నిలుస్తాయో చూడాలంటే ముందు ఆ ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళాలి.

ఒక గది, ఒక తొట్టి, ఒక మిషను

ఫ్యాక్టరీ అన్న మాట పెద్దది. బోర్డు మీద ‘ఫలానా సోడా ఫ్యాక్టరీ’ అని ఉండేది గానీ, తొంగిచూస్తే వీధి వైపు తలుపున్న ఒకే గది. ఒక మూల సిమెంటు తొట్టి, అందులో నానుతున్న సీసాలు. ఇంకో మూల నిలువెత్తు గ్యాసు సిలిండరు. గోడవారన గళ్ళ చెక్కపెట్టెలు. నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. పనిచేసేది ఇద్దరో ముగ్గురో, చాలా చోట్ల ఇంటివాళ్ళే.

మధ్యలో మిషను. ఇనుప చట్రంలో రెండు నుంచి నాలుగు సీసాలు పట్టే గూళ్ళు ఉంటాయి. సీసాలో నీళ్ళు పోసి, గూట్లో పెట్టి, మూతికి రబ్బరు ఆనేలా మర బిగిస్తారు. ఇనుప జల్లెడ తలుపు మూస్తారు. సీసా పేలితే గాజు పెంకులు మొహం మీదికి రాకుండా ఆపేది అదొక్కటే. తరవాత గ్యాసు వదిలి, పిడి పట్టుకుని చట్రాన్ని గిరగిరా తిప్పుతారు. ఆ కుదుపులకు గ్యాసు నీళ్ళలో కరుగుతుంది. చివరికి సీసా తలకిందులుగా ఆగినప్పుడు లోపలి గోలీ జారి మూతి దగ్గరి రబ్బరు వాషరు మీద కూర్చుంటుంది. మర వదులు చేయగానే లోపలి ఒత్తిడే గోలీని వాషరుకు అదిమి పట్టేస్తుంది. మూత లేదు, బిరడా లేదు. లోపలున్న గ్యాసే తనకు తాను తలుపు వేసుకుంటుంది.

ఈ పని చాలావరకు తెల్లవారుజామునే జరిగేది. పొద్దున్నే సరుకు బండెక్కాలన్నది ఒక కారణమైతే, నీటి గుణం ఇంకొకటి. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాసు పడతాయి. 30 డిగ్రీల నీటితో పోలిస్తే 5 డిగ్రీల నీరు దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం మిషను తిప్పితే చెయ్యి నొప్పి తప్ప సోడాలో పస ఉండదు. అందుకే కాస్త స్తోమత ఉన్నవాళ్ళు నీళ్ళ తొట్టిలో ఐసు గడ్డ వేసేవారు. ‘వాళ్ళ సోడా ముక్కులోకి కొడుతుంది, వీళ్ళది చప్పన’ అని జనం చెప్పుకునే తేడా చాలాసార్లు ఆ ఐసు గడ్డ దగ్గరే తేలేది.

గోలీ వచ్చిన దారి

నీటిలో గ్యాసు కలపడం పాత విద్యే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ బీరు తయారయ్యే తొట్ల మీద నిలిచే గ్యాసును నీళ్ళలోకి పట్టి చూశాడు. 1772లో ఆ పద్ధతిని అచ్చువేయించాడు. 1783లో జెనీవాలో యోహాన్ యాకోబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చాడు. మొదట్లో సుద్ద మీద గంధకామ్లం పోసి గ్యాసు పుట్టించేవారు. అప్పటి నీటిలో సోడియం లవణాలు కూడా కలిపేవారు గనుక దానికి సోడా అన్న పేరు వచ్చింది. తెలుగులో చాకలి సోడా, వంట సోడా, తాగే సోడా మూడూ ఒకే పేరు మోయడం వెనక ఉన్న కథ ఇదే. పేట సోడాలో అసలు ‘సోడా’ లేకపోయినా పేరు మిగిలింది.

చిక్కంతా మూత దగ్గర వచ్చింది. బిరడా ఎండితే గ్యాసు పోతుంది, ఒత్తిడి ఎక్కువైతే బిరడాయే ఎగిరిపోతుంది. దీనికి విరుగుడుగా ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో గోలీ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. మెడ దగ్గర సీసాను నొక్కినట్టు చేసి, గోలీ కిందికి జారిపోకుండా ఒక అర ఏర్పరిచాడు. ఆ అరలో ఒక పక్కన రెండు గుంటలు పెట్టాడు. సీసాను ఆ పక్కకి వంచితే గోలీ గుంటల్లో ఆగి సోడాకు దారి ఇస్తుంది. రెండో పక్కకి వంచితే గోలీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. సోడా తాగడం రాని కొత్తవాణ్ణి పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు.

గోలీని నొక్కడానికి బలం ఎందుకు కావాలో లెక్కగట్టొచ్చు. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోలు, మూతి వ్యాసం సుమారు ఒకటిన్నర సెంటీమీటరు అనుకుంటే, గోలీ మీద పైకి నెట్టే బలం 7 కిలోల బరువుకు సమానం. అందుకే సోడా ‘తెరవరు’, ‘కొడతారు’. అలవాటైన దుకాణదారు బొటనవేలు పెట్టి, దాని మీద రెండో అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తాడు. లేదా చెక్క గూటం వాడతాడు. కుయ్‌మనే ఆ కూత, సందులోంచి ఒక్కసారిగా తోసుకొచ్చే గ్యాసుది.

మన దేశంలోకి ఈ సీసాలు తెల్లదొరల కాలంలో వచ్చాయి. కలరా భయం ఉన్న రోజుల్లో ఊరి నీళ్ళకన్నా సోడా నీళ్ళు క్షేమమని దొరలు నమ్మేవారు. సాయంత్రం బ్రాందీలోకీ అవే కావాలి. కంటోన్మెంట్లు, రేవులు, రైల్వే స్టేషన్ల చుట్టూ మొదలైన వ్యాపారం మెల్లగా సంతలకు, సినిమా హాళ్ళకు, బస్టాండ్లకు పాకింది. భాషలోకి కూడా వచ్చేసింది. దళసరి కళ్ళజోడు ‘సోడాబుడ్డి అద్దాలు’ అయింది. వీధి గొడవల వార్తల్లో ‘రాళ్ళు, సోడా సీసాలు రువ్వుకున్నారు’ అన్న వాక్యం పత్రికల వాళ్ళకు ఇప్పటికీ కంఠస్థమే.

ఖర్చు గ్యాసుది కాదు, సీసాది

ఒక లీటరు గట్టి సోడాలో కరిగి ఉండేది 6 నుంచి 8 గ్రాముల గ్యాసు. అంటే 200 మిల్లీలీటర్ల సీసాకు గ్రామున్నర చాలు. 30 కిలోల సిలిండరు కాగితం మీద 20 వేల సీసాలకు వస్తుంది. చేతి మిషనులో సగానికి సగం గాలిలో కలిసినా 10 వేల సీసాలు. నీటికి పెద్ద ఖర్చు లేదు. మరి డబ్బు ఎక్కడ పడుతుంది? సీసాలో.

గోలీ సీసా దళసరి గాజు. లోపలి నీళ్ళకన్నా సీసా బరువే ఎక్కువ. ఒక పెట్టె సోడా మోయడమంటే నిజానికి పెట్టెడు గాజును మోయడం, అదీ రెండుసార్లు. నిండు సీసాలతో వెళ్ళిన బండి ఖాళీ సీసాలతో తిరిగి రావాలి. సైకిలు మీదో, తోపుడు బండి మీదో, రిక్షా మీదో తిరిగే సరుకు నాలుగైదు కిలోమీటర్లు దాటితే కూలి గిట్టదు. ఆ దూరానికి అవతల ఇంకో ఫ్యాక్టరీ పెట్టుకోవడమే లాభం. పేటకో ఫ్యాక్టరీ ఉండటం ఎవరి ఆదర్శమూ కాదు. గాజు బరువు గీసిన గిరి అది.

పైగా సీసాయే పెట్టుబడి. ఫ్యాక్టరీ యజమాని ఆస్తి మిషను కాదు, ఊళ్ళో దుకాణాల్లో తిరుగుతున్న కొన్ని వందల సీసాలు. వాటి మీద గాజులోనే పేరు అచ్చు పోయించుకునేవారు. అయినా ఒకరి సీసాలు ఇంకొకరి తొట్టిలోకి చేరేవి, తగాదాలు వచ్చేవి. గోలీ కోసం సీసాలు పగలగొట్టే పిల్లల బెడద దీనికి తోడు. ఇంగ్లండులోనూ ఈ సీసాల మీద ఇదే ఫిర్యాదు ఉండేది.

అందుకే దుకాణదారు సీసాను గడప దాటనిచ్చేవాడు కాదు. ఇక్కడే నిలబడి తాగాలి, ఇక్కడే పెట్టి వెళ్ళాలి. ఇంటికి కావాలంటే గిన్నె తెచ్చుకోవాలి, లేదా సీసాకు బయానా కట్టాలి. జ్ఞాపకాల్లో సోడా కొట్టు చుట్టూ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండటం, లోకాభిరామాయణం నడవడం, ఒకరి తేన్పుకు ఇంకొకరు నవ్వడం ఉంటాయి. ఆ సభకు పిలిచింది సోడా రుచి కాదు, సీసా మీద యజమానికి ఉన్న భయం. జ్ఞాపకం దీన్ని ఒప్పుకోదు, లెక్క ఒప్పుకుంటుంది.

కోక్ మీద మోపిన నేరం

ఇప్పుడు రెండో మాట దగ్గరికి రావచ్చు. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య చట్టం కింద విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న షరతుకు ఒప్పుకోక కోకకోలా 1977లో దేశం వదిలింది. అదే ఏడాది థమ్సప్ వచ్చింది. జనతా ప్రభుత్వం ‘డబుల్ సెవెన్’ పేరుతో సొంత కోలా దించింది గానీ అది నిలవలేదు. 1990లో లెహర్ పెప్సీ వచ్చింది. 1993లో కోకకోలా తిరిగొచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా పేర్లను పార్లే నుంచి కొనేసింది.

ఈ తేదీల్లో గమనించాల్సింది ఒకటుంది. 1977కు ముందు కోక్ ఉంది, పేట సోడా కూడా ఉంది. 1977 తరవాత థమ్సప్, గోల్డ్ స్పాట్‌లు ఊరూరా తిరిగాయి, పేట సోడా అప్పుడూ ఉంది. సినిమా హాలు విశ్రాంతిలో రెండూ పక్కపక్కనే అమ్ముడయ్యేవి. బాల్కనీ వాళ్ళకు ‘కలరు’, నేల టికెట్టుకు గోలీ సోడా. పెద్ద కంపెనీ సీసా కూడా గాజుదే, అదీ తిరిగి రావలసిందే. వాళ్ళ బండి లారీ గనుక గిరి పెద్దది, అంతే తేడా. చిన్న పల్లెకు లారీ రాదు, సోడా బండి వస్తుంది.

ఆ సమతూకం చెడింది ప్లాస్టిక్ సీసాతో. 1990ల నుంచి పెట్ అనే తేలికపాటి ప్లాస్టిక్‌తో చేసిన సీసా విస్తరించింది. చిన్న పెట్ సీసా బరువు పాతిక గ్రాముల లోపే. దాన్ని కడగక్కర్లేదు, తిరిగి తెచ్చుకోనక్కర్లేదు. ఒకే ప్లాంటు ఐదారు జిల్లాలకు సరఫరా చేయొచ్చు. గాజుతో పోలిస్తే పెట్‌కు ఒక లోపం ఉంది: దాని గోడల్లోంచి గ్యాసు కొద్దికొద్దిగా బయటికి పోతుంది, చిన్న సీసా కొద్ది నెలల్లో చప్పబడుతుంది. గాజు అలా కాదు. కానీ వారంలో అమ్ముడుపోయే సరుకుకు ఆ లోపం లెక్కలోకి రాదు. తాగేవాడికి మాత్రం గడప దాటే స్వేచ్ఛ వచ్చింది. బస్సులో కూర్చుని తాగొచ్చు, సగం తాగి మూత పెట్టొచ్చు. గోలీ సోడాను సగం తాగి దాచడం ఎవరి తరమూ కాదు.

ఫ్రిజ్ ఇంకో దెబ్బ. కంపెనీలు కిరాణా కొట్లకు గాజు తలుపు ఫ్రిజ్‌లు తామే ఇచ్చి, అందులో తమ సరుకే ఉంచాలన్న ఒప్పందం పెట్టుకునేవి. గోలీ సోడా గోనెసంచిలో చుట్టిన ఐసు గడ్డ దగ్గరే ఉండిపోయింది. 2003 ప్రాంతంలో కోకకోలా 200 మిల్లీలీటర్ల సీసాను 5 రూపాయలకు అమ్మింది. పేట సోడాకు మిగిలిన ఏకైక ఆధిక్యం ధర, దాని మీదికే ఆ సీసా వచ్చింది. కాబట్టి ‘కోక్ చంపింది’ అన్నదానిలో కొంత నిజముంది. అయితే ఆయుధం కోలా రుచి కాదు. ప్లాస్టిక్ సీసా, ఫ్రిజ్.

మద్యంలోకి వాడే సోడా గిరాకీ మాత్రం తగ్గలేదు, చేతులు మారింది. గోలీ సోడా ఉన్న చోటే పెద్ద పెట్ సీసాల సోడా కూర్చుంది. మద్యం ప్రకటనల మీద నిషేధం ఉండటంతో మద్యం పేర్లే సోడా పేర్లుగా తెరమీదికి వచ్చాయి. టీవీలో సోడా ప్రకటన వస్తే అది సోడా గురించి కాదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

రుచి సంగతి

‘ఆ రుచి ఇప్పుడు లేదు’ అనేవాళ్ళ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. ఉత్త సోడాకు రుచి మూడు చోట్ల నుంచి వస్తుంది. గ్యాసు నీళ్ళలో కరిగి ఏర్పడే కార్బానిక్ ఆమ్లం నాలుక మీద పులుపూ గుచ్చుడూ ఇస్తుంది. చల్లదనం దాన్ని పెంచుతుంది. మూడోది ఆ ఊరి నీళ్ళ లవణాలు. పేట ఫ్యాక్టరీ బావి నీళ్ళో, మున్సిపాలిటీ కుళాయి నీళ్ళో వాడేది. గోదావరి నీళ్ళ సోడా, ఉప్పు బోరు నీళ్ళ సోడా ఒకే రుచి ఇవ్వవు. ఇప్పుడు నీళ్ళన్నీ ఆర్వో యంత్రంలోంచి వస్తున్నాయి, లవణాలు చాలావరకు పోతున్నాయి. ఊరూరికీ ఉన్న తేడా అక్కడే చెరిగిపోయింది.

ఇంకో కోణమూ ఉంది. నల్గొండ జిల్లాలోని ఫ్లోరైడు నీళ్ళలాంటివి గ్యాసు పట్టినంత మాత్రాన మంచివైపోవు. రుచికి ఆధారమైన ఆ ఊరి నీళ్ళే కొన్నిచోట్ల రోగానికి కూడా ఆధారం. గోలీ సీసాను కడగడం కూడా కష్టమే. మెడ నొక్కి ఉండి, లోపల గోలీ అడ్డుండటంతో కుంచె దూరదు. నానబెట్టి, నీళ్ళు పోసి కుదపడమే మార్గం. తొట్టిలో నీళ్ళు పొద్దున మార్చారా నిన్నటివేనా అన్నది యజమాని మనస్సాక్షికి వదిలేసిన విషయం.

‘సోడా తాగితే అరుగుతుంది’ అన్న నమ్మకానికి ఆధారం తేన్పే. లోపలికి వెళ్ళిన గ్యాసు బయటికి వస్తూ పొట్టలోని గాలిని కూడా వెంట తెస్తుంది, బిగువు తగ్గినట్టు ఉంటుంది. పెళ్ళి భోజనం తరవాత నిమ్మ సోడా హాయిగా అనిపించడానికి అది చాలు. సుగంధి సోడాకు వాడే సుగంధిపాల వేరుకు సంప్రదాయ వైద్యంలో చలువ చేస్తుందన్న పేరుంది. అది వేరు గుణం, సోడాది కాదు.

చట్టం దగ్గర ఆగిన బండి

2006 నాటి ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని నిబంధనల ప్రకారం గ్యాసు పట్టే నీరు ప్యాకేజీ తాగునీటి ప్రమాణాలకు తగినట్టు ఉండాలి. అంటే ఆర్వో యంత్రం, నీటి పరీక్షలు. తొట్టి, సిలిండరు, మిషనుతో నడిచే గదికి ఇది మొత్తం పెట్టుబడిని మించిన ఖర్చు. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ధర, తేదీ, పరిమాణం, చిరునామా ముద్రించాలి. కోలా సీసాకు మూత మీద చోటుంది, ఒంటి మీద లేబులు ఉంది. గోలీ సీసాకు మూతే లేదు, రోజూ తొట్టిలో నానే ఒంటి మీద కాగితం నిలవదు. ప్రజారోగ్యం దృష్ట్యా ఆ నిబంధనలు అవసరమే. కానీ వాటిని రాసేటప్పుడు ఎదురుగా పెట్టుకున్నది ఒక్కసారి వాడి పారేసే సీసాను అన్నది కూడా కనబడుతూనే ఉంది.

పన్ను గీత ఇంకా చిత్రంగా పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తీపి, రుచి కలపని ఉత్త సోడా మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. తీపిదైనా, రుచి కలిపినదైనా 40 శాతం. ఇదివరకు 28 శాతం పన్నూ 12 శాతం సెస్సూ కలిపి ఇంతే ఉండేది గనుక వాటికి ఊరట లేదు. అంటే ఫ్యాక్టరీ ఉత్త సోడా పంపి, కొట్టువాడు అక్కడికక్కడే నిమ్మకాయ పిండి ఉప్పో చక్కెరో కలిపితే సీసా మీద పన్ను 5 శాతమే. అదే నిమ్మ సోడాను ఫ్యాక్టరీలోనే సీసాలో నింపితే 40. పేట సోడా వ్యాపారం వందేళ్ళుగా చేసుకున్న పని విభజన కూడా సరిగ్గా ఇదే. పన్ను ఇప్పుడు దాన్ని సమర్థిస్తోంది, ఆ ఫ్యాక్టరీలు దాదాపు పోయాక.

చిన్న యూనిట్లకు ఇంకో మెలిక ఉంది. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ గీత దాటినవారిలో చిన్న తయారీదారులకు తేలిక పన్ను విధానమైన కాంపోజిషన్ పథకం ఉంది గానీ, 2019 అక్టోబరు నుంచి కలరు సోడాల తయారీదారులకు అది వర్తించదు. ఐస్‌క్రీం, పాన్ మసాలా, పొగాకు పక్కన వాళ్ళనూ కూర్చోబెట్టారు. కాస్త పెరగాలనుకున్న చిన్న ఫ్యాక్టరీ ఒక్క అడుగులో 40 శాతం పన్నులోకి, పెద్ద కంపెనీలకుండే లెక్కల పుస్తకాల్లోకి దూకాలి.

జపాన్‌లో ఎందుకు మిగిలింది

ఇదే సీసా బ్రిటన్‌లో చచ్చిపోయింది. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ పేటెంటు తీసుకున్న రేకు మూత చవకది. సీసాను కడగడమూ తేలిక. గోలీ సీసాను అది క్రమంగా మార్కెట్‌లోంచి నెట్టేసింది.

జపాన్‌లో కథ వేరు. 1884లో కోబేలో అలెగ్జాండర్ కామెరాన్ సిమ్ అన్న స్కాట్లండు వ్యాపారి అమ్మిన లెమనేడే ‘రామునే’గా స్థిరపడింది. అక్కడా కోలాలు వచ్చాయి, ప్లాస్టిక్ వచ్చింది. అయినా రామునే ఇప్పటికీ గోలీ సీసాలోనే దొరుకుతుంది, ప్రపంచమంతా తిరుగుతుంది. ఒక కారణం చట్టం. 1977లో వచ్చిన ఒక చట్టం నీడలో రామునే తయారీ చిన్న పరిశ్రమల రంగంగా మిగిలింది, పెద్ద పానీయాల కంపెనీలు అందులోకి దిగలేదు. రెండో కారణం, వాళ్ళు సీసాను మార్చుకున్నారు. పైన ప్లాస్టిక్ మూతి, దానితో పాటే గోలీని నొక్కే చిన్న గూటం, చుట్టూ రంగుల లేబులు. దాన్ని రోజూ తాగే పానీయంగా కాక వేసవి తిరునాళ్ళ సరుకుగా, పిల్లల వేడుకగా నిలబెట్టారు. 1977లోనే మన దగ్గర కోకకోలా వెళ్ళిపోయింది. ఆ 16 ఏళ్ళ ఖాళీలో పెద్ద దేశీ కోలాలు పెరిగాయి. చిన్న సోడా ఫ్యాక్టరీని ఒక రంగంగా చూసిన విధానమేదీ కనబడదు.

చిన్నగా మొదలై మిగిలినవాళ్ళూ మన దగ్గర లేకపోలేదు. గోదావరి ప్రాంతపు రామచంద్రపురంలో 1919లో అద్దూరి రామచంద్రరాజు మొదలుపెట్టిన సోడా వ్యాపారమే ‘ఆర్టోస్’గా ఎదిగింది. దాని ద్రాక్ష రుచి కోసం గోదావరి జిల్లాల వాళ్ళు ఇప్పటికీ పేరు పెట్టి అడుగుతారు. తమిళనాడు విరుదునగర్‌లో 1916లో మొదలైన కాళీమార్క్, సూరత్‌లో 1923 నాటి సోస్యో కూడా అలాంటివే. ఈ మూడింటిలో ఏదీ పేట ఫ్యాక్టరీగా మిగల్లేదు. ఉత్త సోడాను ఎవరైనా కొట్టగలరు, ఆర్టోస్ ద్రాక్ష రుచినో, కాళీమార్క్ వాళ్ళ పానీయం బొవొంటోనో ఇంకొకరు కొట్టలేరు. తమదంటూ ఒక రుచిని కట్టుకున్నవాళ్ళు పేట గిరి దాటి నిలిచారు.

ఇప్పుడు వస్తున్నది ఏమిటి

కొత్తగా దొరికే గోలీ సోడాలు చాలావరకు బ్రాండు సరుకు. ఆర్వో ప్లాంటు, ఆటోమేటిక్ మిషను, పది రకాల రుచులు, సీసా మీద లేబులు, మూతి మీద సీలు. పానీపూరీ బండి పక్కన కాక మాల్ ఫుడ్‌కోర్టులో, పెళ్ళి విందు స్టాల్‌లో, హైవే హోటల్లో అమ్ముడవుతుంది. అక్కడ గోలీ చేసే పని మారింది. అది ఇప్పుడు మూత కాదు, ఆకర్షణ. గ్యాసును ఆపడానికి అంతకన్నా చవకైన మార్గాలు వంద ఉన్నా, ఆ కూత కోసమే గోలీని పెడుతున్నారు. ధరలోనూ ఆ కూతకు వాటా ఉంటుంది.

దీని ప్రభావం మూడు చోట్ల కనిపించే అవకాశం ఉంది. మొదటిది గాజు. గోలీ సీసా పోయడం మామూలు సీసా కన్నా కష్టం, గోలీని లోపల పెట్టాక మూతిని మలచాలి. ఉత్తరప్రదేశ్‌లోని సాస్నిలాంటి కొద్ది చోట్లే ఆ పనితనం మిగిలింది. గిరాకీ పెరిగితే మొదట నిలబడేది అలాంటి కార్ఖానాలే. రెండోది ఉపాధి. ఒక ఆటోమేటిక్ ప్లాంటు పాత చేతి మిషన్లు ఎన్నింటి పనో చేస్తుంది. సోడా పెరిగినంత వేగంగా చేతులకు పని పెరగదు. మూడోది చెత్త. గాజు సీసా పదేపదే వాడితేనే పర్యావరణానికి మేలు. అరకిలోకు దగ్గరగా బరువుండే గాజును ఒక్కసారి తాగి పారేస్తే ప్లాస్టిక్ కన్నా ఎక్కువ ఇంధనం ఖర్చయినట్టు. సీసాకు బయానా కట్టించి వెనక్కి తీసుకునే పద్ధతి మళ్ళీ మొదలైతే ఈ లెక్క తిరగబడుతుంది. పాత సోడా కొట్టు ఏ చట్టమూ అడగకుండానే ఆ పద్ధతిని నడిపింది.

జిల్లా కేంద్రాల్లో, పాత బస్టాండ్ల దగ్గర అక్కడక్కడ చేతి మిషన్లు ఇంకా తిరుగుతున్నాయి. ఉత్త సోడా మీద 5 శాతం పన్ను వాటికి కాస్త ఊపిరి. అవి నిలిచిన చోట చూస్తే ఒక పోలిక కనబడుతుంది: చుట్టూ నడక దూరంలో పది నిమ్మ సోడా బండ్లు, సాయంత్రానికల్లా ఖాళీ సీసాలు వాటంతట అవే వెనక్కి వచ్చే ఏర్పాటు. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఇండియన్ స్టోర్‌లో కొన్న గోలీ సోడాను కొట్టి, కూత విని, తాగిన తరవాత ఆ సీసాను తిరిగి అడిగేవాడు ఎవడూ ఉండడు.